ఫైలు ఆగినా మీరు ఆగకండి

లింగాల మండలంలో పెద్దకుడాలకు పోయినా, పార్నపల్లెకు పోయినా రచ్చబండ దగ్గర ఒక ప్రశ్న వినబడుతుంది: ‘‘మీవానికి కార్డొచ్చినాదా?’’ ఆ కార్డు కువైట్‌లో బతాకా కావచ్చు, అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సో వర్క్ పర్మిటో కావచ్చు. జవాబు మాత్రం చాలాసార్లు ఒకటే: ‘‘పెట్టినాడంట. ఇంకా రాలేదంట.’’

నేను చెప్పబోయేదంతా ఆ ‘ఇంకా రాలేదు’ అనే కాలం గురించే. దరఖాస్తు పెట్టిన రోజుకూ అది తేలిన రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. ఆ కాలమంతా మనవాళ్లు చాలామంది ఒక తప్పుడు నమ్మకంతో బతుకుతారు. ఫైలు తేలేదాకా తమకు అడిగే హక్కు లేదనుకుంటారు, నలుగురిలోకి రావడానికి జంకుతారు. దాంతో తమకు దక్కాల్సిన కాగితాన్ని కూడా అడగకుండా వదిలేస్తారు. ఏ చట్టమూ వాళ్లను అలా బతకమనలేదు. తేలాల్సింది ఫైలు. మీరెవరో ఎప్పుడో తేలిపోయింది. ఆ సంగతి రుజువు చేసే కాగితం సంపాదించుకోవడం, కాపాడుకోవడం మీ చేతిలో పని.

తేలకపోవడం కూడా ఒక స్థితే

అన్నిటికన్నా కష్టమైన ఉదాహరణే తీసుకుందాం. ఒక మనిషి అమెరికాలో ఆశ్రయం కోరాడు. సొంత దేశానికి తిరిగి పోతే ప్రాణభయం. ఉన్న దేశం ఇంకా ‘ఉండు’ అనలేదు. ఇలాంటి మనిషికి అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తుందా?

ఇస్తుంది. 2005లో అమెరికా చేసిన రియల్ ఐడీ చట్టం, చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లు ఎవరెవరో ఒక జాబితా రాసింది. అందులో పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, వీసా మీద ఉన్నవాళ్లతో పాటు ఆశ్రయం దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకిచ్చేది తాత్కాలిక కార్డు. ఉండే గడువు తెలిస్తే ఆ గడువు దాకా, తెలియకపోతే ఒక ఏడాది దాకా చెల్లుతుంది. అది తాత్కాలికమని కార్డు మీదే కనిపిస్తుంది. గడువు తీరితే, దరఖాస్తు ఇంకా నడుస్తోందని చూపించి మళ్లీ తీసుకోవచ్చు.

ఎదురుచూసే మనిషికి కూడా చట్టం ఒక గడి గీసి పెట్టింది. ఆ గడిలో తన పేరు రాయించుకోవాల్సింది ఆ మనిషే. ‘‘ఇంకా తేలలేదు కదా, మనకెక్కడ ఇస్తారు’’ అని ఇంట్లో కూర్చున్నవాడికి ఎవరూ తెచ్చివ్వరు.

ఆశ్రయం అడిగిన తెలుగువాళ్లు కొద్దిమందే. కానీ హెచ్-1బీ పొడిగింపు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, చదువు ముగించి వర్క్ పర్మిట్ కోసం చూస్తున్నవాళ్లు మన ఇళ్లలో ఎందరో. వీళ్ల డ్రైవింగ్ లైసెన్సు కూడా చాలాచోట్ల ఆ దేశంలో ఉండే గడువుకే ముడిపడి ఉంటుంది. వీసా కాగితం తేలేలోపు లైసెన్సు గడువు తీరిపోతుంది. కారు లేనిదే పాల ప్యాకెట్టు కూడా రాని ఊళ్లలో అదెంత కష్టమో అక్కడున్న పిల్లలనడిగితే చెబుతారు. అందుకే ఆశ్రయం కోరినవాడు నేర్చుకోవాల్సిన పాఠమే వీళ్లకూ పాఠం.

కార్డుకు ముందు నాలుగు మెట్లు

గుర్తింపు కార్డు ఒక్కరోజులో వచ్చేది కాదు. దానికో వరుస ఉంది. వరుస తెలిసినవాడికి భయం సగం తగ్గుతుంది.

మొదటి మెట్టు రసీదు. ఆశ్రయం కోరేవాళ్లు నింపే ఫారం పేరు ఐ-589. అమెరికాలో దిగిన ఏడాదిలోపు అది వేయాలన్నది సాధారణ నియమం. వేశాక ప్రభుత్వం రసీదు నోటీసు పంపుతుంది. ఆ తర్వాత వేలిముద్రలకు పిలుపు వస్తుంది. రాష్ట్ర కార్డు అడిగేటప్పుడు మీ దరఖాస్తు నడుస్తోందని చెప్పే సాక్షి ఈ కాగితాలే. వచ్చిన కవరును కూడా పారేయొద్దు.

రెండో మెట్టు వర్క్ పర్మిట్. ఇంతకాలం నడిచిన నియమం ప్రకారం ఆశ్రయం దరఖాస్తు వేసిన 150 రోజుల తర్వాత దీనికి అర్జీ పెట్టుకోవచ్చు. 180 రోజులు నిండాక ఇస్తారు. మీవైపు నుంచి వాయిదా అడిగితే ఆ రోజుల లెక్క ఆగుతుంది. 2025 జూలైలో వచ్చిన చట్టం ఆశ్రయం దరఖాస్తుకే 100 డాలర్ల రుసుము పెట్టింది. తేలకుండా గడిచే ప్రతి ఏడాదికి మరో 100 డాలర్లు కట్టమంది. మొదటి వర్క్ పర్మిట్‌కు 550 డాలర్లు విధించింది. ఇలాంటి నియమాలు తరచూ మారుతున్నాయి కాబట్టి, స్నేహితుడికి పోయినేడు ఏం జరిగిందన్నది మీకు ప్రమాణం కాదు. దరఖాస్తు వేసే రోజు అధికారిక సైటులో ఏముందో అదే ప్రమాణం.

మూడో మెట్టు సోషల్ సెక్యూరిటీ నంబరు. వర్క్ పర్మిట్ వచ్చాక ఈ నంబరు వస్తుంది. అది రాకముందే గుర్తింపు కార్డు కావాలంటే, మీకు ఆ నంబరుకు ఇంకా అర్హత లేదని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచే లేఖ తెచ్చుకోవచ్చు. ‘లేదు’ అని చెప్పే కాగితం కూడా మీకు పనికొచ్చే కాగితమే. ఈ ఒక్క సంగతి తెలియక నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు.

నాలుగో మెట్టు చిరునామా. ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, బ్యాంకు పత్రం వంటివి సాధారణంగా రెండు అడుగుతారు. నలుగురు కలిసి అద్దెకున్న ఇంట్లో బిల్లులన్నీ ఒకరి పేరు మీదే ఉంటాయి, మిగతా ముగ్గురికి ఆ ఊళ్లో ఉన్నట్టు రుజువే ఉండదు. అద్దె ఒప్పందంలో మీ పేరు మొదటి రోజే రాయించుకోండి. ఇల్లు మారితే పది రోజుల్లోపు ఇమిగ్రేషన్ శాఖకు చెప్పాలన్నది అక్కడి చట్టం. చెప్పకపోతే, ఇంటర్వ్యూకు పిలిచే ఉత్తరం పాత ఇంటి డబ్బాలో పడి ఉంటుంది. ఏళ్ల ఎదురుచూపు ఆ ఒక్క ఉత్తరంతో మట్టిపాలవుతుంది.

రాష్ట్రానికో పద్ధతి ఉందన్నదీ గుర్తుంచుకోండి. కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019 డిసెంబరు నుంచి, న్యూజెర్సీ 2021 నుంచి వలస స్థితితో సంబంధం లేకుండా సాధారణ లైసెన్సు ఇస్తున్నాయి. టెక్సాస్ వంటి రాష్ట్రాలు చట్టబద్ధంగా ఉన్నట్టు రుజువు లేనిదే ఇవ్వవు. 2025 మే 7 నుంచి దేశంలోపల విమానం ఎక్కాలన్నా రియల్ ఐడీ కార్డు గానీ దానికి సమానమైన కాగితం గానీ చూపమంటున్నారు. సొంత దేశపు పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్ కార్డు కూడా అక్కడ చెల్లుతాయి. ఇది తెలిసినవాడు విమానాశ్రయంలో కంగారుపడడు.

కౌంటర్ ముందు ఎలా నిలబడాలి

మనకు రెండు అలవాట్లున్నాయి. ఆఫీసులో బల్ల అవతల కూర్చున్న మనిషి కనబడగానే ‘సార్, సార్’ అని బతిమాలతాం. పని కాకపోతే గొంతు పెంచుతాం. ఈ రెంటివల్లా పని జరగదు. పులివెందుల తహసీల్దారు ఆఫీసైనా, టెక్సాస్ డ్రైవర్ లైసెన్సు ఆఫీసైనా ఇంతే.

ప్రశ్న పని చేస్తుంది. ‘‘కుదరదు’’ అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏ కాగితం తక్కువైంది? ఆ మాట రాసిస్తారా? మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ మూడింటికీ జవాబు రాబట్టుకుని, తేదీతో సహా నోటుబుక్కులో రాసుకుని బయటికి రండి.

కౌంటర్లో ఉన్న మనిషి మిమ్మల్ని అవమానించాలని ‘కుదరదు’ అనడు. చాలాసార్లు అతని ముందున్న కంప్యూటరు అలా అంటుంది. రాష్ట్రాల ఆఫీసులు దరఖాస్తుదారుల వలస స్థితిని ‘సేవ్’ అనే కేంద్ర వ్యవస్థలో సరిచూస్తాయి. అందులో మీ పేరు వెంటనే దొరకకపోతే రెండో విడత పరిశీలనకు పంపుతారు. దానికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఆ రోజు కార్డు ఇవ్వకపోవడం తిరస్కారం కాదు, పరిశీలన. ఈ తేడా తెలిస్తే రాత్రి నిద్ర పడుతుంది. ‘‘నా పేరు రెండో విడత పరిశీలనకు పంపారా?’’ అని అడగగలిగినవాడిని చూసే చూపు కూడా మారుతుంది. వినయంగా ఉండండి, ఎందుకంటే అది మీ సంస్కారం. సూటిగా అడగండి, ఎందుకంటే అది మీ హక్కు.

దొంగదారి ఎంత దగ్గరైనా దూరమే

ఈ ఎదురుచూపు కాలంలోనే ఏజెంటు కనబడతాడు. ‘‘అసైలం వేసెయ్, ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ వస్తుంది, తర్వాత చూసుకుందాం’’ అంటాడు. ఈ మాట వినొద్దు. ఆశ్రయం అన్నది జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక సామాజిక బృందానికి చెందినవాళ్లు కావడం అనే ఐదు కారణాల్లో ఒకదాని వల్ల హింసకు భయపడేవాళ్ల కోసం. కంపెనీ తీసేసిందని, వీసా లాటరీ తగల్లేదని అడిగేది కాదు. తెలిసి తెలిసి కల్పించిన దరఖాస్తు వేసినట్టు తేలితే, అమెరికాలో మరే వలస ప్రయోజనమూ జీవితాంతం దక్కకుండా చేసే సెక్షన్ అక్కడి చట్టంలో ఉంది. నిజంగా ప్రాణభయంతో వచ్చినవాడి వరుసలోకి మనం అబద్ధంతో దూరితే, అతని రోజు మరింత వెనక్కి పోతుంది. అది పాపం కూడా.

తెలుగువాళ్లం దొంగదారికి ఇంతకు ముందే మూల్యం చెల్లించాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు, అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే. క్లాసులు లేకుండా వీసా నిలబెట్టుకోవాలనుకునేవాళ్లను పట్టుకోవడానికి పెట్టిన వల అది. తొలి విడతలో అదుపులోకి తీసుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్లలో తెలుగు పిల్లలు ఎందరో. ఆ పిల్లలను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు, వాళ్లలో మోసపోయినవాళ్లూ ఉన్నారు. అయితే కాగితం ఎంత సులభంగా వస్తుందంటే అంత గట్టిగా దాన్ని అనుమానించాలన్న తెలివి ఆ రెండు సంఘటనల నుంచి మనం తీసుకోవాలి. ఇచ్చే సంస్థ గుర్తింపు, చెప్పే లాయరు లైసెన్సు, రెండూ మీరే స్వయంగా సరిచూసుకోండి. ‘మా బావ చెప్పినాడు’ అన్నది రుజువు కాదు.

కాగితాలన్నిటిలో ఒకే పేరు

మన కష్టాల్లో సగం పేరు దగ్గరే మొదలవుతాయి. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరంగా కుదించుకుపోతుంది. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తాం. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా వేస్తే, మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అమ్మానాన్నలు ముచ్చటగా పెట్టిన పేరు ఉండగా, పేరు తెలియని మనిషిగా ఆ దేశంలో లైసెన్సు మీదా బ్యాంకు ఖాతా మీదా తిరగాల్సి వస్తుంది.

పుట్టిన తేదీదీ ఇదే కథ. బడిలో చేర్చిన రోజు పంతులు రాసిన తేదీ ఒకటి, ఆసుపత్రి తేదీ ఇంకొకటి. జిల్లా పేరుదీ అంతే. కడప జిల్లా 2010లో వైఎస్సార్ జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల హద్దులు మారాయి. 2025లో వైఎస్సార్ కడప జిల్లా అన్నారు. ఒకే ఇంట్లో తండ్రి పాస్‌పోర్టులో ఒక జిల్లా, కొడుకు పాస్‌పోర్టులో ఒక జిల్లా ఉండొచ్చు. అందులో మీ తప్పేమీ లేదు. అడిగినప్పుడు తడబడకుండా, ఏ సంవత్సరం ఏ పేరుందో చెప్పగలిగితే చాలు.

ఇవన్నీ ఊళ్లో ఉండగానే సరిచేసుకోండి. పదో తరగతి సర్టిఫికెట్టును ఆధారంగా పెట్టుకుని మిగతా కాగితాలన్నీ దాని ప్రకారం మార్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదలొద్దు. విమానం ఎక్కాక దిద్దుకోవాలంటే పదింతలు తిప్పలు. ఆడపిల్లను గల్ఫ్‌కు పంపే ఏజెంటు వయసు పెంచి రాయిస్తానంటే అక్కడికక్కడే కాదనండి. పదో తరగతి పాస్ కాని మహిళలు గల్ఫ్‌లో ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలన్న నియమం వాళ్ల రక్షణ కోసం పెట్టింది. తప్పుడు వయసుతో పోయిన అమ్మాయి రేపు ఆపదలో పడితే, ఆమె ఎవరో నిరూపించే కాగితమే ఆమెకు ఎదురు తిరుగుతుంది.

పాస్‌పోర్టు సేటుది కాదు

మన సీమకు అమెరికా కన్నా ముందు నుంచీ తెలిసిన పరదేశం కువైట్. రాయచోటి, రాజంపేట, పులివెందుల ప్రాంతాల నుంచి డ్రైవర్లుగా, ఇంటి పనివాళ్లుగా, మేస్త్రీలుగా పోయినవాళ్ల సంపాదనతో కట్టిన ఇళ్లు ఎన్నో. అక్కడి మనవాళ్లకు మూడు మాటలు ప్రాణం: పాస్‌పోర్టు, ఆకామా, బతాకా. ఆకామా ఉండటానికి అనుమతి. బతాకా అక్కడి ప్రభుత్వం ఇచ్చే పౌర గుర్తింపు కార్డు. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, మనవాళ్లు సేటు అనేవాడు, ఆకామా కొట్టించకపోతే బతాకా రాదు. బతాకా లేకపోతే వీధిలోకి రావాలంటే భయం. ఆ భయంలో కొందరు పని వదిలి పారిపోతారు, మనవాళ్ల మాటల్లో కల్లివెల్లి అయిపోతారు. ఆ రోజు నుంచి కాగితం లేని మనిషి అవుతారు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన మొదటి సంగతి: మీ పాస్‌పోర్టు మీ సేటుది కాదు. నిజానికి అది మీ సొంతం కూడా కాదు, భారత ప్రభుత్వ ఆస్తి. 1967 నాటి మన పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. కువైట్ 2015లో చేసిన ఇంటి పనివాళ్ల చట్టం కూడా పనివాళ్ల గుర్తింపు పత్రాలను వాళ్ల అంగీకారం లేకుండా యజమాని దగ్గర పెట్టుకోకూడదంది. చట్టం ఉన్నంత మాత్రాన సేటు బీరువా తెరుచుకోదని నాకు తెలుసు. కానీ తన వైపు చట్టం ఉందని తెలిసిన మనిషి ఎంబసీ మెట్లు ఎక్కగలడు. తెలియనివాడు వంటగదిలోనే ఏడుస్తాడు.

రెండో సంగతి: పాస్‌పోర్టు పోయినా, సేటు ఇవ్వకపోయినా, ఇంటికి రావడానికి భారత రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దీన్నే. ఒకసారి స్వదేశానికి రావడానికి మాత్రమే చెల్లుతుంది. అది ఇవ్వాలంటే మీరు భారతీయులని రుజువు కావాలి. పాస్‌పోర్టు జిరాక్సు ఉంటే పని త్వరగా అవుతుంది.

మూడో సంగతి క్షమాభిక్ష. కువైట్ ప్రభుత్వం 2018లో జనవరి 29న మొదలుపెట్టి ఏప్రిల్ 22 దాకా, మళ్లీ 2020 ఏప్రిల్‌లో, మళ్లీ 2024లో మార్చి 17 నుంచి జూన్ చివరి దాకా ఆకామా లేనివాళ్లకు అవకాశం ఇచ్చింది. జరిమానా లేకుండా దేశం వదిలి వెళ్లమంది. 2018లో, 2024లో జరిమానా కట్టి కాగితాలు సరిచేసుకునే వీలు కూడా ఇచ్చింది. ఇలాంటి గడువు ప్రకటించినప్పుడు కాగితాల కట్ట సిద్ధంగా ఉన్నవాళ్లు మొదటి వారంలోనే దారిలో పడతారు. లేనివాళ్లకు ఊరినుంచి జిరాక్సులు తెప్పించుకునేసరికే గడువు సగం అయిపోతుంది.

ఇది కొత్త పాఠం కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మనవాళ్లు కట్టుబట్టలతో ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు సుమారు 1.7 లక్షల మంది భారతీయులను ఇంటికి చేర్చాయి. ఒక్క ఉదయంలో ఉద్యోగం, డబ్బు, ఇల్లు పోవచ్చని, తానెవరో చెప్పే కాగితం మాత్రం ఒంటి మీద ఉండాలని ఆ తరానికి బాగా తెలుసు. మీ ఊళ్లో కువైట్ నుంచి అప్పుడు తిరిగొచ్చిన పెద్దలుంటే పక్కన కూర్చుని అడగండి. ఏ పుస్తకంలోనూ దొరకని ధైర్యం వాళ్ల దగ్గర దొరుకుతుంది.

ఇంటి దగ్గరున్నవాళ్ల పని

బిడ్డ దూరదేశంలో ఎదురుచూస్తున్నప్పుడు అమ్మానాన్న చేయగలిగింది దేవుడికి మొక్కడం ఒక్కటే కాదు. ఆ బిడ్డ పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, పని ఒప్పందం, పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్, రేషన్ కార్డుల జిరాక్సులు ఒక కవరులో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. అదే కట్ట ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. 2015 నుంచి డిజీలాకర్ ఉంది, అందులోనూ దాచవచ్చు. ఫోన్ వాడటం రాని పెద్దలకు గ్రామ సచివాలయంలో సాయం అడగండి.

2015లోనే మొదలైన మదద్ పోర్టల్ గురించి కూడా తెలుసుకోండి. విదేశంలో ఉన్న మనవాళ్ల కష్టం గురించి ఊళ్లో ఉన్న కుటుంబసభ్యులు కూడా అందులో ఫిర్యాదు పెట్టవచ్చు. గల్ఫ్‌కు పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే 10 లక్షల రూపాయల బీమా. ఏజెంటుకు లక్షలు కట్టే ఇల్లు ఈ 375 రూపాయల కాగితం ఎక్కడుందో చూసుకోవాలి.

ఇంకొక మాట గుండెల్లో పెట్టుకోండి. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘‘ఇంకా రాలేదా?’’ అని అడగొద్దు. ఆ ప్రశ్న వెయ్యిసార్లు తనను తాను వేసుకున్నాడు మీ బిడ్డ. ‘‘ఈ వారం ఏం నేర్చుకున్నావు నాయనా?’’ అని అడగండి. ‘‘అన్నం తిన్నావా?’’ అని అడగండి. కార్డు లేనందుకు మీ దగ్గర తన విలువ తగ్గలేదన్న నమ్మకం కలిగించండి. ఆ నమ్మకం లేని పిల్లలే ఇంటికి అబద్ధాలు చెప్పడం మొదలుపెడతారు. అబద్ధాలు ఎక్కువయ్యాక ఫోన్లు తగ్గుతాయి.

చీనీ కాపుకొచ్చేదాకా

మన లింగాల రైతు చీనీ మొక్క నాటితే కాపు చూడటానికి నాలుగైదేళ్లు. ఆ నాలుగైదేళ్లూ అతను నేలను బీడు పెట్టడు. చెట్ల వరుసల మధ్య వేరుశనగ వేస్తాడు, పుచ్చ వేస్తాడు, కూరగాయలు వేస్తాడు. చెట్టుకు అందాల్సిన నీళ్లు తగ్గించకుండా, ఇంటికి రావాల్సిన రాబడి ఆగకుండా చూసుకుంటాడు.

పెండింగ్ కాలాన్ని కూడా అలాగే సాగు చేయాలి. పనికి అనుమతి లేదా? భాషకు అనుమతి అక్కర్లేదు. అరబ్బీ నాలుగు మాటలు వచ్చిన డ్రైవరుకు, రాని డ్రైవరుకు జీతంలోనూ గౌరవంలోనూ ఎంత తేడానో కువైట్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. అమెరికాలో పబ్లిక్ లైబ్రరీలు ఊరూరా ఉన్నాయి. చాలాచోట్ల ఇంగ్లిష్ తరగతులు ఉచితం. సొంత దేశపు చదువు సర్టిఫికెట్లను అక్కడి ప్రమాణాలకు సరిచూపించుకోవడం, రోడ్డు నియమాల పుస్తకం చదివి రాతపరీక్షకు సిద్ధం కావడం ఈ కాలంలోనే చేసుకోవచ్చు. కార్డు ఇచ్చే రోజున పరీక్ష కూడా పాసయ్యేలా ఉన్నవాడు ఒక నెల ముందుంటాడు.

వారంలో ఒక గంట కాగితాలకు కేటాయించండి. ఆ గంటలో కేసు స్థితి చూడండి, గడువులు చూడండి, కొత్త ఉత్తరాలు కట్టలో చేర్చండి. మిగతా వారమంతా దాని గురించి ఆలోచించొద్దు. రోజుకు పదిసార్లు సైటు తెరిచి చూస్తే ఫైలు తొందరగా కదలదు, మనసు మాత్రం అలిసిపోతుంది. ఎదురుచూపుకు ఒక వేళ పెడితే మిగతా వేళలన్నీ మీవి.

ఒంటరిగా ఉండొద్దు. ఈ దశలో సిగ్గు మనిషిని గదిలో బంధిస్తుంది. అదే కాలంలో ఉన్న మరొకరిని వెతుక్కోండి. గుడిలోనో మసీదులోనో చర్చిలోనో తెలుగు సంఘంలోనో తప్పకుండా దొరుకుతారు. మీకు తెలిసిన వరుస వాళ్లకు చెప్పండి. ఇంకొకరికి దారి చెప్పినప్పుడు మన దారి మనకే మరింత తేటపడుతుంది.

బల్లకు అవతల మనం ఉన్నప్పుడు

ఈ పత్రిక చదివేవాళ్లలో సచివాలయ ఉద్యోగులున్నారు, బ్యాంకు క్లర్కులున్నారు, ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు. మన దగ్గరికీ పెండింగ్ మనుషులు వస్తారు. హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలున్నాయి. వాళ్ల చేతుల్లో ఉండేది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు కాబట్టి ఆ కార్డుకు మన చట్టంలో గట్టి పునాది లేదు. వాళ్ల భవిష్యత్తు తేల్చేది ప్రభుత్వాలు, కోర్టులు. వాళ్లతో మర్యాదగా మాట్లాడటం మాత్రం మన చేతిలో ఉంది.

మయన్మార్‌ను బర్మా అనే రోజుల్లో అదే దేశం నుంచి మన తెలుగువాళ్లూ అలాగే వచ్చారు. 1942లో జపాన్ బాంబులకు భయపడి, 1962 తర్వాత సైనిక పాలనలో బతుకుతెరువు పోయి, బర్మా తెలుగువాళ్లు ఓడల్లోనూ కాలినడకనా ఈ గడ్డ చేరారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇవాళ్టికీ ఉంది. మనవాళ్ల కోసం కువైట్‌లోనో డాలస్‌లోనో ఎలాంటి క్లర్కు దొరకాలని కోరుకుంటామో, మన బల్ల దగ్గరికొచ్చిన మనిషికి మనం అలాంటి క్లర్కుగా ఉందాం. ఏ కాగితం తక్కువైందో స్పష్టంగా చెబుదాం, రాసిద్దాం, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుదాం. దానికి ఏ జీవో అక్కర్లేదు.

ఈ వారంలోనే చేయాల్సినవి

ఎదురుచూస్తున్నది మీరైతే: రసీదులన్నీ ఒక కట్ట చేయండి. ప్రతి కాగితం గడువు తేదీ ఒకే పేజీలో రాసి, మూడు నెలల ముందు తేదీకి ఫోన్లో గుర్తు పెట్టండి. చిరునామా మారిందేమో చూసి చెప్పాల్సినవాళ్లకు చెప్పండి. తాత్కాలిక కార్డుకు అర్హత ఉందేమో ఈ వారమే అడగండి.

ఎదురుచూస్తున్నది మీ బిడ్డ అయితే: కవరు కట్టండి, ఫొటోలు తీయండి, ఒక మంచి మాట చెప్పండి.

ఇంకా బయల్దేరని యువకులైతే: అన్ని కాగితాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకటే ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే టికెట్టు కొనకముందే దిద్దించుకోండి.

ఎప్పుడు తేల్చాలన్నది ప్రభుత్వాల ఇష్టం. అందాకా ఎలా నిలబడాలన్నది మీ ఇష్టం. కట్ట సిద్ధంగా పెట్టుకుని, అడగాల్సింది అడుగుతూ, నేర్చుకోవాల్సింది నేర్చుకుంటూ గడిపిన మనిషికి జవాబు ‘అవును’ అని వచ్చినా, ‘కాదు’ అని వచ్చినా తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో తెలిసే ఉంటుంది.